వీఎంలు నడిపే హోస్ట్ సర్వర్‌ను అప్‌డేట్ చేయడం ఎలా?

ఒకే అసలు సర్వర్ (హోస్ట్) మీద సాఫ్ట్‌వేర్‌తో నడిచే కంప్యూటర్లను వర్చువల్ మెషీన్లు, పొట్టిగా వీఎంలు అంటారు. తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల సర్వర్లు చూసుకునేవాళ్లు పదే పదే అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, హోస్ట్‌ను అప్‌డేట్ చేస్తే వీఎంలు మళ్లీ లేస్తాయా?" లాడ్జిలో బుకింగ్ సర్వర్ చూసే కుర్రాడిదీ, డయాగ్నస్టిక్ ల్యాబులో రిపోర్టుల సర్వర్ చూసే అమ్మాయిదీ, కాలేజీ ల్యాబ్ ఇన్‌చార్జిదీ ఇదే భయం. అందుకే వీఎంల లోపలి విండోస్‌కు నెలనెలా అప్‌డేట్లు పెడతారు గానీ, వాటన్నిటినీ మోసే హోస్ట్ జోలికి మాత్రం పోరు.

ముందు చూసుకోవాల్సింది హోస్ట్‌నే. ఒక వీఎం పోతే ఒక పని ఆగుతుంది. హోస్ట్ ఎవరి చేతికైనా చిక్కిందంటే దాని మీదున్న వీఎంలన్నీ వాళ్ల చేతిలో ఉన్నట్టే. 2023 ఫిబ్రవరిలో ప్రపంచమంతా వేల ఈఎస్‌ఎక్స్‌ఐ (వీఎంలను నడిపే వీఎంవేర్ సాఫ్ట్‌వేర్) హోస్టుల్లో వీఎం ఫైళ్లను లాక్ చేసి డబ్బులు అడిగిన దాడి జరిగింది. ఆ దాడికి వాడారని చెప్పిన లోపానికి వీఎంవేర్ 2021 ఫిబ్రవరిలోనే ప్యాచ్ ఇచ్చింది. రెండేళ్లు ఎవరూ హోస్ట్‌ను ముట్టుకోకపోవడమే దాడిచేసినవాళ్లకు దారి అయింది.

ఇంకో సంగతి ఇప్పుడే చెప్పేస్తాను, కింద రాసిన క్రమమంతా దీని చుట్టూనే తిరుగుతుంది. ప్యాకేజీలు ఎక్కించినంత మాత్రాన హోస్ట్ ప్యాచ్ అయినట్టు కాదు. రీబూట్ అయ్యి కొత్త కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండె) మీద లేచి, వీఎంలు కూడా కొత్త క్యూఎము (ప్రతి వీఎంనూ నడిపే ప్రోగ్రామ్) మీద నడుస్తుంటేనే అయినట్టు. "అన్నీ అప్‌డేట్ చేశాం" అని చెప్పే హోస్టుల్లో అప్‌టైమ్ చూస్తే ఏడాది దాటి కనిపించడం మామూలే. అక్కడ నడుస్తున్నది ఇంకా ఏడాది కిందటి కెర్నలే.

మన దగ్గర చిన్న, మధ్యతరహా సంస్థల్లో డెబియన్ లినక్స్ మీద వీఎంలను నడిపే ప్రాక్స్‌మాక్స్ వాడకం పెరిగింది కాబట్టి మెట్లన్నీ దానికే రాస్తున్నాను. ఈఎస్‌ఎక్స్‌ఐ, మైక్రోసాఫ్ట్ హైపర్-వీ వాళ్లకు చివర్లో కొంత ఉంది. కమాండ్లను మనం ఫోన్‌లో చెప్పుకునే తీరులోనే రాశాను.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- హోస్టుల జాబితా. పేరు, ఐపీ, ప్రాక్స్‌మాక్స్ వెర్షన్, నడుస్తున్న కెర్నల్, చివరి రీబూట్ తేదీ, దాని మీదున్న వీఎంలు, అవి లేవాల్సిన వరుస. ఇది కాగితం మీద ఉండాలి.
- మరో మెషీన్‌లో ఉన్న బ్యాకప్. అందులో కనీసం ఒక వీఎంను ఈ మధ్యే రీస్టోర్ చేసి లేపి చూసి ఉండాలి. అదే డిస్కు మీదున్న స్నాప్‌షాట్‌ను బ్యాకప్‌గా లెక్కపెట్టొద్దు.
- దూరం నుంచి స్క్రీన్ చూపించే ఐడ్రాక్, ఐలో, ఐపీఎంఐ లాంటి కన్సోల్. అది లేకపోతే మానిటర్, కీబోర్డు తగిలించుకుని సర్వర్ పక్కనే కూర్చోండి. రేణిగుంటలో ఉన్న సర్వర్‌ను తిరుపతిలో ఇంటి నుంచి కన్సోల్ లేకుండా రీబూట్ చేయొద్దు.
- హోస్ట్ రూట్ పాస్‌వర్డ్. పాస్‌వర్డ్లన్నీ దాచిన వీఎం అదే హోస్ట్ మీద ఉండటం చాలాచోట్ల కనిపిస్తుంది. దాన్ని ఆపిన మరుక్షణం పాస్‌వర్డ్ కూడా అందదు. రాసి కవర్లో పెట్టుకోండి.
- యూపీఎస్ బ్యాటరీ ఎంతసేపు ఆగుతుందో తెలిసి ఉండాలి. జనరేటర్ ఉంటే డీజిల్ చూసుకోండి.

డీఎన్‌ఎస్, డీహెచ్‌సీపీ, ఫైర్‌వాల్ ఏదైనా అదే హోస్ట్ మీద వీఎంగా ఉందా అన్నది కూడా ఇప్పుడే చూడాలి. ఉంటే, వీఎంలు ఆపగానే హోస్ట్‌కు ఇంటర్నెట్ పోతుంది, ప్యాకేజీలు దిగవు. మీ ల్యాప్‌టాప్‌కు ఐపీ కూడా రాకపోవచ్చు. దానికి మార్గం తేలికే: ప్యాకేజీలను ముందే దింపి ఉంచుకోవడం, ల్యాప్‌టాప్‌కు చేత్తో ఐపీ పెట్టుకోవడం.

మెట్టు 1: రాత్రిని ఎంచుకోండి

బయటి ఊళ్లలో అందరూ శనివారం రాత్రి పెట్టుకోమంటారు. తిరుపతిలో లాడ్జీలకు, హోటళ్లకు, ట్రావెల్స్‌కు అది కుదరదు. రద్దీ ఎక్కువుండేదే శని, ఆదివారాలు. లాడ్జి కౌంటర్ ఇరవైనాలుగు గంటలూ తెరిచే ఉంటుంది. అలాంటి చోట మంగళ, బుధవారాల్లో రాత్రి ఒంటిగంట తర్వాత మేలు. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, పెరటాసి శనివారాలు, వేసవి సెలవులు దగ్గరపడ్డాయంటే వాటికి ఒక వారం ముందే పని ముగించండి. గంగ జాతర వారంలో పెట్టుకుంటే ఏదైనా తేడా వచ్చినప్పుడు సాయానికి మనుషులు దొరకరు.

చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు లెక్క వేరు. సీజన్లో రాత్రీ పగలూ లారీలు వస్తూనే ఉంటాయి. వేబ్రిడ్జి సాఫ్ట్‌వేర్ పదిహేను నిమిషాలు ఆగినా గేటు బయట వరుస కడతాయి. తోతాపురి రావడానికి ముందు, అంటే ఏప్రిల్లోనే ఒక పెద్ద విడత అప్‌డేట్ పూర్తిచేసి, సీజన్ మధ్యలో ప్రమాదకరమైన లోపాలు బయటపడితే మాత్రమే ముట్టుకోండి. కాలేజీలకు ఆదివారం చాలు, పరీక్షలు, కౌన్సెలింగ్ తేదీలు తప్పించుకుంటే సరి.

ఎన్నాళ్లకోసారి? నెలకోసారి చేయండి. దాడుల్లో వాడుతున్నారని తెలిసిన లోపమైతే నెల దాకా ఆగొద్దు, ఆ వారంలోనే పూర్తిచేయండి.

మెట్టు 2: రిపాజిటరీ సరిచేయండి

ఎక్కువమంది ఇక్కడే ఆగిపోతారు. ప్రాక్స్‌మాక్స్ ఇన్‌స్టాల్ చేయగానే ఎంటర్‌ప్రైజ్ రిపాజిటరీ (సబ్‌స్క్రిప్షన్ ఉన్నవాళ్లకు అప్‌డేట్లు ఇచ్చే చోటు) ఆన్‌లో ఉంటుంది. సబ్‌స్క్రిప్షన్ లేకపోతే రిఫ్రెష్ కొట్టినప్పుడు 401 అన్‌ఆథరైజ్డ్ అని ఎర్రర్ వస్తుంది. అది చూసి "సర్వర్ డౌన్ ఉన్నట్టుంది" అని వదిలేసిన హోస్టులు ఏళ్ల తరబడి ఒక్క అప్‌డేట్ కూడా అందుకోకుండా ఉండిపోతాయి.

వెబ్ పేజీలో నోడ్ (మీ హోస్ట్) మీద నొక్కి, అప్‌డేట్స్ కింద రిపాజిటరీస్‌లోకి వెళ్లండి. సబ్‌స్క్రిప్షన్ కొనకపోతే ఎంటర్‌ప్రైజ్‌ను డిసేబుల్ చేసి, యాడ్ నొక్కి నో-సబ్‌స్క్రిప్షన్ చేర్చండి. సెఫ్ (చాలా సర్వర్ల డిస్కులను కలిపే స్టోరేజీ) కోసం వేరే ఎంటర్‌ప్రైజ్ లైను కనిపిస్తే దాన్నీ డిసేబుల్ చేయాలి. డెబియన్ సెక్యూరిటీ లైను మాత్రం తప్పకుండా ఉండాలి.

నో-సబ్‌స్క్రిప్షన్‌లోకి వచ్చే ప్యాకేజీలకు పరీక్ష కొంత తక్కువ. ప్రొడక్షన్‌కు ఎంటర్‌ప్రైజే వాడమని ప్రాక్స్‌మాక్స్ వాళ్లే చెబుతారు. రోగుల రిపోర్టులు, జీతాలు, ఫీజులు నడిచే హోస్ట్ అయితే సబ్‌స్క్రిప్షన్ కొనమనే నా సలహా. ధర సాకెట్‌కు ఇంతని ఏడాదికి ఉంటుంది, ఒక్క సాకెట్ సర్వర్‌కు అది మోయలేనంత కాదు. కొనలేకపోతే, ముఖ్యం కాని హోస్ట్ మీద ముందు ఎక్కించి, వారం చూసి, తర్వాత అసలుదాని మీద ఎక్కించండి.

మెట్టు 3: ఏమి వస్తుందో చదవండి

రిఫ్రెష్ అయ్యాక జాబితా వస్తుంది. కెర్నల్, క్యూఎము, జెడ్‌ఎఫ్‌ఎస్ (డిస్కులను చూసుకునే ఫైల్ సిస్టమ్), కోరోసింక్ (నోడ్లను కలిపి ఉంచేది) పేర్లున్నాయా చూడండి. కెర్నల్ ఉంటే రీబూట్ తప్పదు.

వెర్షన్ 8 నుంచి 9కి వెళ్లడం వేరే పని, దాన్ని నెలవారీ అప్‌డేట్‌తో కలపొద్దు. ఎనిమిది డెబియన్ 12 మీద, తొమ్మిది డెబియన్ 13 మీద నడుస్తాయి. దానికి పీవీఈ ఎయిట్ టూ నైన్ అనే తనిఖీ స్క్రిప్టు ఉంది. ముందు దాన్ని నడిపి ఎర్రర్లు, వార్నింగులు సరిచేసుకోవాలి. ఏడో వెర్షన్ మీద ఇంకా ఉన్నవాళ్లకు 2024 జులైతోనే సపోర్ట్ ముగిసింది. అక్కడ నెలవారీ అప్‌డేట్ కొట్టినా కొత్తగా వచ్చేదేమీ ఉండదు.

మెట్టు 4: అప్‌డేట్‌కు ముందే హోస్ట్ ఆరోగ్యం చూడండి

షెల్‌లో డీఎఫ్ మైనస్ హెచ్ కొట్టి రూట్‌లో, బూట్‌లో ఖాళీ చూడండి. బూట్ నిండిపోతే కొత్త కెర్నల్ సగంలో ఆగుతుంది. జెడ్‌ఎఫ్‌ఎస్ అయితే జెడ్‌పూల్ స్టేటస్‌లో ఆన్‌లైన్ అనే ఉండాలి. డిగ్రేడెడ్ అని ఉంటే ఈ రాత్రికి అప్‌డేట్ మానేసి డిస్కు మార్చండి. సిస్టమ్‌సీటీఎల్ మైనస్ మైనస్ ఫెయిల్డ్ కొట్టి, ముందే చచ్చిపడున్న సర్వీసులు ఏవో రాసుకోండి. లేకపోతే తర్వాత చూసి అప్‌డేట్ వల్లే పోయాయనుకుంటారు.

చాలా నెలలుగా రీబూట్ కాని హోస్ట్ అయితే, ఏ అప్‌డేటూ ఎక్కించకుండా ముందు ఒకసారి రీబూట్ చేయండి. ఈ ఒక్క అలవాటు ఎన్నో రాత్రుల తలనొప్పి తప్పిస్తుంది. పాత డిస్కు లేవకపోయినా, ఎవరో నెట్‌వర్క్ సెట్టింగ్ మార్చి సేవ్ చేయకపోయినా, బయోస్‌లో బూట్ వరుస మారినా అప్పుడే తెలిసిపోతుంది. అప్‌డేట్‌ను అనుమానించి తప్పుదోవలో వెతకాల్సిన పని ఉండదు.

మెట్టు 5: బ్యాకప్ తీసి, హోస్ట్ ఖాళీ చేయండి

బ్యాకప్ టాస్కు చివర ఓకే అని వచ్చిందో లేదో లాగ్‌లో చూడండి. వీఎంలతో పాటు హోస్ట్ ఈటీసీ ఫోల్డర్‌ను కూడా కాపీ తీసి బయట పెట్టండి. నెట్‌వర్క్ సెట్టింగులు, వీఎంల కాన్ఫిగ్ అందులోనే ఉంటాయి.

క్లస్టర్ (కలిపి నడిపే కొన్ని నోడ్లు) ఉంటే లైవ్ మైగ్రేషన్‌తో, అంటే ఆపకుండానే, వీఎంలను పక్క నోడ్‌కు పంపండి. అప్పుడు ఎదురయ్యే అడ్డంకులు ఇవి:

- వీఎం సీడీ డ్రైవ్‌లో లోకల్ ఐఎస్ఓ తగిలించి మర్చిపోవడం. తీసేస్తే చాలు.
- యూఎస్‌బీ పాస్‌త్రూ. ఆడిటర్ గారి డిజిటల్ సిగ్నేచర్ టోకెన్‌ను వీఎంకు తగిలించి ఉంటే అది కదలదు. ఆ వీఎంను ఆపే చేయాలి.
- సీపీయూ టైప్ హోస్ట్ అని పెట్టి, రెండు నోడ్‌లలో వేర్వేరు తరాల ప్రాసెసర్లు ఉండటం. మైగ్రేషన్ అయినట్టే అయి వీఎం క్రాష్ కావచ్చు.
- పాత వెర్షన్ నోడ్ నుంచి కొత్తదానికి పంపడం సరే. కొత్తదాని నుంచి పాతదానికి వెనక్కి పంపితే పనిచేస్తుందన్న హామీ లేదు. కాబట్టి ఒక నోడ్ అయ్యాక రెండోదాన్ని ఎక్కువ రోజులు వదలొద్దు.

రెండే నోడ్ల క్లస్టర్ అయితే ఒకటి ఆగగానే కోరం (నోడ్ల ఓట్లలో మెజారిటీ) పోతుంది. నడుస్తున్న వీఎంలు నడుస్తాయి గానీ, ఆగినదాన్ని స్టార్ట్ చేయనివ్వదు. హెచ్ఏ (ఒక నోడ్ పడితే దాని వీఎంలను వేరే నోడ్‌లో తనే లేపే ఏర్పాటు) పెట్టి ఉంటే మిగిలిన నోడ్ తనంతట తనే రీబూట్ అయ్యే ప్రమాదం కూడా ఉంది. చిన్న మెషీన్ మీద క్యూడివైస్ పెట్టుకుంటే మూడో ఓటు దొరుకుతుంది. సెఫ్ ఉన్నవాళ్లు నోఔట్ ఫ్లాగ్ (ఆగిన నోడ్ డిస్కులను పోయినట్టు లెక్కపెట్టొద్దనే గుర్తు) పెట్టి, పని అయ్యాక తీసేయడం మర్చిపోవద్దు.

ఒక్కటే హోస్ట్ ఉన్నవాళ్లు వీఎంలను వరుసగా ఆపాలి: ముందు అప్లికేషన్, తర్వాత డేటాబేస్, చివర్లో డొమైన్ కంట్రోలర్ (లాగిన్లు చూసే సర్వర్). విండోస్ వీఎంలో అప్‌డేట్లు పెండింగ్ ఉంటే షట్‌డౌన్‌కు అరగంట కూడా పట్టొచ్చు. అది చూసి స్టాప్ కొట్టొద్దు. స్టాప్ అంటే కరెంటు తీగ పీకడమే, డేటాబేస్ పాడయ్యే ప్రమాదం ఉంది. విండోస్ అప్‌డేట్లను ముందురోజే ముగించుకుంటే ఈ గొడవ ఉండదు.

మెట్టు 6: అప్‌డేట్ ఎక్కించండి

ఎస్‌ఎస్‌హెచ్‌లోకి వెళ్లి టీమక్స్ (కనెక్షన్ తెగినా పని ఆగనివ్వని టూలు) తెరిచి అందులో నడపండి. వెబ్ పేజీలోని అప్‌గ్రేడ్ బటన్ కూడా పనిచేస్తుంది, కానీ మధ్యలో మీ ఇంటి నెట్ పోయినా, బ్రౌజర్ మూసుకున్నా ఎక్కడ ఆగిందో తెలియక ఇబ్బంది పడతారు.

ఏపీటీ అప్‌డేట్, తర్వాత ఏపీటీ ఫుల్-అప్‌గ్రేడ్. ఉత్త ఏపీటీ అప్‌గ్రేడ్ వాడొద్దు. అది కొన్ని ప్యాకేజీలను వెనక వదిలేసి, సగం కొత్త సగం పాత స్థితిలో హోస్ట్‌ను నిలబెడుతుంది.

వై నొక్కే ముందు తీసేయబోయే ప్యాకేజీల జాబితా చదవండి. అందులో ప్రాక్స్‌మాక్స్-వీఈ అని కనిపిస్తే వెంటనే ఆపండి. మీ రిపాజిటరీలు కలగాపులగం అయ్యాయని దాని అర్థం. ఆ ప్యాకేజీని తీసేయబోతే ప్రాక్స్‌మాక్స్ అడ్డుపడి, నిజంగా తీసేయాలంటే ఫలానా ఫైలు సృష్టించమని చెబుతుంది. ఎర్రర్ పోతుంది కదా అని ఆ ఫైలు సృష్టించారంటే ప్రాక్స్‌మాక్స్ మొత్తం పోతుంది.

మధ్యలో కాన్ఫిగ్ ఫైల్ మార్చాలా అని అడుగుతుంది. ముందు డి నొక్కి తేడా చూడండి. మీరు చేత్తో మార్చిన ఫైలైతే ఎన్, మీరెప్పుడూ ముట్టుకోనిదైతే వై. గ్రబ్ (బూట్ మెనూ) ఫైల్లో మీరు పెట్టుకున్న సెట్టింగులు ఉంటే ఇక్కడే జాగ్రత్త.

ప్రాసెసర్ లోపాలను సరిచేసే మైక్రోకోడ్ ప్యాకేజీ ఉందా అన్నది కూడా ఈ విడతలోనే చూసేయండి. ఇంటెల్‌కు ఇంటెల్-మైక్రోకోడ్, ఏఎండీకి ఏఎండీ64-మైక్రోకోడ్. డెబియన్ లైనులో నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్ చేరిస్తేనే ఇవి దొరుకుతాయి. 2018 జనవరిలో మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే లోపాలు బయటపడినప్పటి నుంచి ప్రాసెసర్ లోపాలు వస్తూనే ఉన్నాయి. ఒకే ప్రాసెసర్‌ను పది వీఎంలు పంచుకునే హోస్ట్‌కు ఇవి డెస్క్‌టాప్‌కన్నా ఎక్కువ అవసరం.

మెట్టు 7: రీబూట్, కన్సోల్ చూస్తూ

ర్యామ్ ఎక్కువున్న సర్వర్ బయోస్ దాటడానికే కొన్ని నిమిషాలు పడుతుంది. పింగ్ రాలేదని పవర్ బటన్ నొక్కొద్దు, కన్సోల్ చూడండి.

లేవకపోతే రెండు సందర్భాలు ఎక్కువ.

మొదటిది, కెర్నల్ మధ్యలో ఆగడం. బూట్ మెనూలో పాత కెర్నల్ ఎంచుకోండి, గ్రబ్ అయితే అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో ఉంటుంది. లేచాక ప్రాక్స్‌మాక్స్-బూట్-టూల్ కెర్నల్ పిన్ తో దాన్నే నిలిపి ఉంచి, తెల్లారాక నెమ్మదిగా కారణం వెతకండి. పిన్ చేసినదాన్ని తర్వాత తీయాలి, లేకపోతే ఇక ఏ కొత్త కెర్నలూ వాడుకలోకి రాదు.

రెండోది, హోస్ట్ లేచినా నెట్‌వర్క్ లేకపోవడం. కొత్త కెర్నల్‌తో నెట్‌వర్క్ కార్డు పేరు మారి ఉంటుంది. కన్సోల్‌లో ఐపీ లింక్ కొట్టి కొత్త పేరు చూడండి. ఈటీసీ, నెట్‌వర్క్ కింద ఉన్న ఇంటర్‌ఫేసెస్ ఫైల్లో బ్రిడ్జ్ పోర్ట్స్ లైనులో, పాత పేరున్న ప్రతిచోటా కొత్త పేరు రాసి, నెట్‌వర్కింగ్ సర్వీస్ రీస్టార్ట్ చేస్తే సరిపోతుంది. తొమ్మిదో వెర్షన్‌లో పేర్లను స్థిరంగా ఉంచే టూలు కూడా ఉంది, ముందే వాడుకుంటే ఈ సమస్య రాదు.

మెట్టు 8: అయిందో లేదో తనిఖీ

1. యూనేమ్ మైనస్ ఆర్ కొట్టండి. కొత్త కెర్నల్ నంబరే కనిపించాలి. ప్యాకేజీ జాబితాలో ఉండటం చాలదు.
2. పీవీఈవెర్షన్ మైనస్ వీ కొట్టి, క్లస్టర్‌లోని అన్ని నోడ్‌లలో ఒకేలా ఉందో చూడండి.
3. ఎల్‌ఎస్‌సీపీయూ చివర్లో వల్నరబిలిటీ లైన్లు ఉంటాయి. ఎదురుగా మిటిగేషన్, నాట్ అఫెక్టెడ్ ఉంటే సరే. వల్నరబుల్ అని ఉంటే మైక్రోకోడ్ గానీ బయోస్ గానీ పాతదని అనుమానించండి.
4. ఫెయిల్డ్ సర్వీసుల జాబితాను మెట్టు 4లో రాసుకున్నదానితో పోల్చండి.
5. స్టోరేజీలన్నీ యాక్టివ్‌గా ఉన్నాయా, హోస్ట్ గడియారం సరిగ్గా ఉందా చూడండి. గడియారం తప్పితే డొమైన్ లాగిన్లు పోతాయి.
6. వీఎంలను వరుసలో లేపి, ప్రతిదాంట్లో అసలు పని చేసి చూడండి. ల్యాబ్ అయితే ఒక పాత రిపోర్టు తెరవండి, లాడ్జి అయితే ఒక డమ్మీ బుకింగ్ వేసి రద్దు చేయండి, ఫ్యాక్టరీ అయితే ఒక తూకం చీటీ ప్రింట్ తీయండి. పచ్చ గుర్తు చూసి ఇంటికి పోతే, పొద్దున ఆరు గంటలకు కౌంటర్ నుంచి ఫోన్ వస్తుంది.
7. మర్నాడు రాత్రి బ్యాకప్ నడిచిందో లేదో తప్పక చూడండి.

క్యూఎము గురించి ఒక మాట. రీబూట్ చేయకుండా క్యూఎము ప్యాకేజీ మాత్రమే మార్చిన సందర్భాల్లో, నడుస్తున్న వీఎంలు పాత క్యూఎము మీదే ఉంటాయి. వీఎం లోపల విండోస్‌లో రీస్టార్ట్ కొట్టినా మారదు, ఎందుకంటే హోస్ట్ మీది ప్రాసెస్ అదే కొనసాగుతుంది. ప్రాక్స్‌మాక్స్‌లో షట్‌డౌన్ చేసి స్టార్ట్ చేయాలి, లేదా అక్కడి రీబూట్ బటన్ నొక్కాలి, లేదా అప్‌డేట్ అయిన నోడ్‌కు లైవ్ మైగ్రేట్ చేయాలి.

తరచుగా జరిగే పొరపాట్లు

అన్ని హోస్టులూ ఒకే రాత్రి చేయడం. ఒకటి చేసి, కనీసం రెండు మూడు రోజులు చూసి, తర్వాతిది చేయండి.

హోస్ట్ మీదే డాకర్, డెస్క్‌టాప్, సీసీటీవీ సాఫ్ట్‌వేర్ ఎక్కించడం. బయటి రిపాజిటరీలు చేరితే మెట్టు 6లో చెప్పిన ప్యాకేజీల గొడవ అక్కడి నుంచే మొదలవుతుంది. వాటికి వేరే వీఎం పెట్టండి.

సమయానికి పనులు నడిపే క్రాన్‌లో రాత్రిపూట తనంతట తనే అప్‌డేట్ అయ్యేలా పెట్టడం. వీఎంలకు పెట్టుకోండి, హోస్ట్‌కు వద్దు. మనిషి చూస్తుండగానే జరగాలి.

అప్‌గ్రేడ్ అవ్వగానే జెడ్‌పూల్ అప్‌గ్రేడ్ కొట్టడం. ఒకసారి కొట్టాక పాత కెర్నల్‌తో ఆ పూల్ తెరుచుకోకపోవచ్చు, వెనక్కి వెళ్లే దారి మూసుకుపోతుంది. కొన్ని వారాలు ఆగినా నష్టం లేదు.

ఈఎస్‌ఎక్స్‌ఐ, హైపర్-వీ వాడేవాళ్లకు

ఈఎస్‌ఎక్స్‌ఐలో వరుస: ముందు వీసెంటర్ (హోస్టులన్నిటినీ చూసుకునే సర్వర్), తర్వాత హోస్టులు, చివర్లో వీఎంలలో టూల్స్. హోస్ట్‌ను మెయింటెనెన్స్ మోడ్‌లో పెట్టాకే ప్యాచ్ ఎక్కించండి. ఆఫ్‌లైన్ బండిల్‌తో కమాండ్ ద్వారా చేసేవాళ్లు ప్రొఫైల్ అప్‌డేట్ వాడండి. ప్రొఫైల్ ఇన్‌స్టాల్ వాడితే సర్వర్ కంపెనీ ఇచ్చిన డ్రైవర్లు ఎగిరిపోయి, రీబూట్ తర్వాత నెట్‌వర్క్ కార్డో రెయిడ్ కార్డో కనిపించకుండా పోవచ్చు.

హైపర్-వీకి మైక్రోసాఫ్ట్ ప్యాచ్‌లు అమెరికా లెక్కలో ప్రతి నెలా రెండో మంగళవారం వస్తాయి, మనకు అప్పటికి రాత్రి అవుతుంది. క్లస్టర్ ఉంటే క్లస్టర్-అవేర్ అప్‌డేటింగ్ ఒక్కో నోడ్‌ను ఖాళీ చేసి, రీబూట్ చేసి, తర్వాతిదానికి వెళుతుంది. విండోస్ సర్వర్ 2012 ఆర్2కు 2023 అక్టోబర్ 10తో ఎక్స్‌టెండెడ్ సపోర్ట్ కూడా ముగిసింది. 2016కు 2027 జనవరి 12 చివరి తేదీ. బడ్జెట్‌లో కొత్త లైసెన్సు కోసం ఇప్పుడే అడగండి.

ఈఎస్‌ఎక్స్‌ఐ 6.5, 6.7 లకు 2022 అక్టోబర్ 15తో, 7.0కు 2025 అక్టోబర్ 2తో జనరల్ సపోర్ట్ ముగిసింది. ఆ వెర్షన్ల మీద ఉన్నవాళ్లకు పై మెట్లేవీ పూర్తి రక్షణ ఇవ్వవు. వేరే దానికి మారేదాకా కనీసం ఇవి చేయండి: హోస్ట్ మేనేజ్‌మెంట్ ఐపీ ఇంటర్నెట్‌కు తెరిచి ఉంటే ఈ రోజే మూసేయండి, దాన్ని ఆఫీసు కంప్యూటర్లున్న నెట్‌వర్క్ నుంచి వేరే వీల్యాన్ (విడిగా ఉంచిన నెట్‌వర్క్) లోకి మార్చండి, ఎస్‌ఎల్‌పీ (నెట్‌వర్క్‌లో సర్వీసులను వెతికేది), ఎస్‌ఎస్‌హెచ్ సర్వీసులు ఆపేయండి, బ్యాకప్ ఒకటి ఏ తీగా తగలని డిస్కులో బీరువాలో పెట్టండి.